ఎముక అతికిన తీరు

డాక్టరుగారు నా ముందు రెండు ఎముకలు పక్కపక్కన పెట్టి, చేతులకి తొడుగులు వేసుకోమన్నారు. రెండూ దండచేతి ఎముకలే. ఒకటి ఎడమది, ఒకటి కుడిది. తొమ్మిదేళ్ళపాటు ఒక లాండ్రీ నేలకింద ఎవరికీ తెలియకుండా పడి ఉండి, మొన్న నీటిగొట్టం పగిలి నేల తవ్వినప్పుడు బయటపడ్డ కుర్రాడివి. పళ్ళని బట్టి అతనేనని అప్పటికే తేలిపోయింది. ఇంట్లో అందరూ బుజ్జీ అని పిలుచుకునే ఆ లాండ్రీ వాళ్ళ కొడుకు. చెప్పాపెట్టకుండా ఇల్లొదిలి పోయాడనుకుని ఇన్నేళ్ళూ గుమ్మం వైపు చూస్తూ బతికారు.

శవాలంటే నాకు భయం లేదు. ఉంటే ఈ ప్రైవేటు డిటెక్టివు వృత్తిలో పూట గడవదు. ఎముకల సంగతి వేరు. శవాన్ని చూస్తే మనిషి చచ్చిపోయాడనిపిస్తుంది, ఎముకల్ని చూస్తే ఎక్కడికో వెళ్ళాడు, ఇంకా రాలేదు అనిపిస్తుంది. ఆ పొద్దున డాక్టరుగారి గదిలో నిలబడ్డంతసేపూ నా వీపు వెనక ఎవరో ఉన్నట్టే ఉంది. రెండుసార్లు తిరిగి చూశాను కూడా.

"కుడిదాని నడుమ వేలితో తడమండి" అన్నారావిడ.

తడిమాను. ఎముక మధ్యలో కణుపులా లావుగా ఉంది. చెరుకుగడ మీద చెయ్యి పెట్టినట్టుంది.

"విరిగి అతుక్కున్న చోటు అది. ఎంత గట్టిగా అతుక్కుందో చూశారా? కుటుంబం చెప్పిన కథేమిటి?"

కథ నాకు కంఠతా వచ్చు. నన్ను పెట్టుకున్నది బుజ్జి అక్క. చనిపోవడానికి రెండేళ్ళ ముందు, లాండ్రీలో తడిబట్టలు పిండే యంత్రంలో బుజ్జి చొక్కా చెయ్యి ఇరుక్కుంది. అది చూడకుండా అతని బావ, అంటే అక్క మొగుడు, స్విచ్ నొక్కాడు. ఎముక విరిగింది, భుజం దగ్గర నరాలు దెబ్బతిని చెయ్యి చచ్చుబడింది. ఆ రోజు నుంచి చివరిదాకా ఆ చెయ్యి పక్కన వేలాడుతూనే ఉందని ఇంటిల్లిపాదీ ఒకే మాట చెప్పారు. తల్లి రోజూ నూనె రాసి మర్దనా చేసినా లాభం లేకపోయింది. పోలీసులు ఇప్పుడా బావనే పట్టుకెళ్ళారు. కాంక్రీటు పోసే మేస్త్రీల్ని పిలిపించింది అతనే మరి. సాయంత్రం కోర్టులో హాజరుపరుస్తారు. ఈలోపు నేనేమీ తేలేకపోతే ఆ మనిషి లోపలే ఉండిపోతాడు.

డాక్టరుగారు అంతా విని తల అడ్డంగా ఊపారు.

"చచ్చుబడ్డ చేతిలో ఎముక ఇలా అతుక్కోదు. విరిగిన ఎముక చుట్టూ ఉన్న కండ పనిచెయ్యాలి. కండ లాగుతుంటేనే ఎముకకి కొత్తది కట్టుకోవాలన్న తొందర పుడుతుంది, అక్కడికి రక్తం బాగా వస్తుంది. కండ నిద్రపోతే ఎముక కూడా బద్ధకిస్తుంది. అతుకు ఆలస్యమవుతుంది, పలచగా మెత్తగా ఉంటుంది, కొందరికి అసలు పడనే పడదు."

వింతలు జరగవా అని అడిగాను. జరుగుతాయన్నారు. అతుకు ఒక్కటే అయితే తనూ అనుమానించేదాన్నన్నారు. కానీ రెండేళ్ళు వాడని చెయ్యయితే ఎముక పలచబడి తేలికైపోవాలి. ఇది ఎడమదానితో సమానంగా ఉంది. భుజం కండ పట్టుకుని లాగే చోట గరుకుగా గట్టు కూడా ఉంది. ఆవిడ నా వేలు పట్టుకుని ఆ గట్టు మీద పెట్టించారు.

"నరం తెగలేదండీ. దెబ్బకి మొద్దుబారి ఉంటుంది, కొన్ని వారాల్లో కోలుకుంది. ఈ కుర్రాడు చచ్చిపోయేనాటికి ఈ చేత్తో నీళ్ళబకెట్ ఎత్తగలడు."

వేలాడే చెయ్యి వేసుకుని రెండేళ్ళు ఇంట్లో తిరిగిన మనిషి నా కళ్ళ ముందు మెదిలాడు. వాడి మీద కోపం రావాలి నాకు. రాలేదు, భయమేసింది.

అక్కణ్ణుంచి తిన్నగా స్టేషనుకి వెళ్ళాను. ఇన్‌స్పెక్టరూ నేనూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరాం. నేను మానేశాను, ఆయన ఎదిగాడు. అప్పటినుంచి నన్ను చూస్తే ఆయనకి ఒళ్ళు మంట. బావతో మాట్లాడాలంటే, "నా ముందే మాట్లాడు, నాకూ కాస్త కాలక్షేపం" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

బావ బక్కమనిషి. బాయిలరు దగ్గర పనిచేసి చేసి మొహం కమిలిపోయింది. ఇంతకుముందు అడిగిన ప్రతి ప్రశ్నకీ ఒకటే జవాబు చెప్పాడు, స్విచ్ నొక్కింది నేనే, మిగతాది నాకు తెలియదు అని. ఈసారి నేను ప్రశ్న అడగలేదు. అతని కళ్ళలోకి చూస్తూ, బుజ్జి చెయ్యి బాగైపోయిందని, చనిపోయేనాటికి మామూలుగా పనిచేసేదని చెప్పాను.

అతను తన అరచేతుల వంక చూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"అయితే వాడికి నొప్పుండేది కాదా?"

"లేదు."

"రోజూ రాత్రి మూలిగేవాడండీ. పక్కగదిలోకి వినపడేది. నేను చెవులు మూసుకుని పడుకునేవాణ్ణి." అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నొప్పి లేదన్నమాట. పోన్లెండి."

పదకొండేళ్ళుగా మోస్తున్న బరువు అబద్ధమని తెలిస్తే ఎవడైనా ముందు మండిపడతాడు. ఇతను ఆ కుర్రాడికి నొప్పి లేదని ఊరట పడ్డాడు. ఈ సంగతి ముందే తెలిసినవాడైతే ఆ ఊరట నటించడం కష్టం. నాకు అతని మీద అనుమానం ఆ నిమిషంలోనే తుడిచిపెట్టుకుపోయింది.

ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వుతున్నాడు. నన్ను వరండాలోకి తీసుకొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"నీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదోయ్. నా కేసులో ఒకే ఒక్క బొక్క ఉంది. అవిటివాణ్ణి చంపాల్సినంత కోపం వీడికెందుకు అని. నువ్వొచ్చి పూడ్చేశావు. వాడు నటిస్తున్నాడని వీడు కనిపెట్టాడు, రెండేళ్ళు గాడిదచాకిరీ చేయించుకున్నార్రా అని వేసేశాడు. అంతేగా?"

"వాడి మొహం చూశావా లేదా?"

"మొహాలు చూసి కేసులు తేల్చేదానికి నువ్వున్నావు. నాకు సాక్ష్యం కావాలి. అది డాక్టరమ్మ దగ్గరుంది, తెచ్చింది నువ్వు." గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి కోర్టు. చూడ్డానికి వస్తావా?"

 కాపాడమని నమ్ముకున్న మనిషి మెడకి నేనే తాడు పేని తెచ్చినట్టయింది. నాలుగింటికి ఎంత టైముందో లెక్క వేసుకుంటూ మెట్లు దిగాను. చెయ్యి బాగైందని బావకి తెలియదు. మరి ఎవరికి తెలుసు? ఆ ప్రశ్న ఒక్కటే నాతోపాటు బండెక్కింది.

లాండ్రీ తలుపు అక్క తీసింది. ఆమె కళ్ళు నా మొహంలో ఏదో వెతికాయి. మంచి వార్త కాదని ఆమెకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. కూతుర్ని పొరుగింట్లో వదిలేసి, పొద్దుటి నుంచీ కౌంటరు దగ్గర కూర్చునే ఉందట. చుట్టుపక్కల ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. శవం దొరికినా, అల్లుడు స్టేషన్లో ఉన్నా, దుప్పట్లు మాత్రం మూటలు మూటలుగా వస్తూనే ఉన్నాయి.

వెనక ఇస్త్రీ గది చూపించమన్నాను. గుంట ఆ గదిలోనే ఉంది. పోలీసులు చుట్టూ తాడు కట్టారు. పైన చెక్కలు పరిచారు. బాయిలరు గోడ పక్కనే ఉండడంతో గది ఆవిరికి ఉడుకుతోంది. అయినా నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. గుంటకి అటువైపు పెద్ద ఇస్త్రీ బల్ల గోడకి చేర్చి ఉంది. పోలీసులు జరిపారట. ఇంతకుముందు ఎక్కడుండేదని అడిగితే అక్క తాడు లోపలికి చూపించింది. సరిగ్గా గుంట మీదే.

"అమ్మ ఆ బల్ల దగ్గర ఎవర్నీ నిలబడనిచ్చేది కాదు సార్. నేను ఇస్త్రీ చేస్తానన్నా ఒప్పుకునేది కాదు. తొమ్మిదేళ్ళూ తనే నిలబడింది, కాళ్ళు వాచిపోతున్నా సరే."

చెక్కల అంచున మిగిలిన సిమెంటు మీద మోకరిల్లి చూశాను. ఒకే మనిషి ఒకేచోట నిలబడి నిలబడి ఆ నేల నున్నగా అరిగిపోయింది. పక్కన గరుకు గరుకుగానే ఉంది. అప్పుడు పైకి చూశాను. ఎదురు గోడకి రెండు ఇనుప కొక్కేలు కొట్టి ఉన్నాయి. రెండిటికీ మధ్య చేతులు చాపినంత ఎడం. పొడుగుపాటి మనిషి చేతులు ముందుకు పట్టుకుంటే ఎక్కడుంటాయో సరిగ్గా ఆ ఎత్తులో ఉన్నాయి. రెండూ ఒకేలా మెరుస్తున్నాయి.

"ఇవెందుకు?"

"పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి కదండీ. అమ్మ ఒక్కతే కాబట్టి రెండో కొస వాటికి తగిలించుకుంటుంది."

"ఎప్పటి నుంచి?"

"బుజ్జి కనపడకుండా పోయాక. ఆ వారమే అమ్మ కొట్టించింది." గొంతు తగ్గించింది. "సార్, మీరు నవ్వకండి. ఆ కొక్కేలకి దుప్పటి తగిలించి ఉన్నప్పుడు ఈ గదిలోకి రావాలంటే నాకు భయం. అవతల ఎవరో పట్టుకుని నిలబడ్డట్టే ఉంటుంది."

నేను నవ్వలేదు. అంతకుముందు ఆ రెండో కొస ఎవరు పట్టుకునేవాళ్ళని అడిగాను.

"బుజ్జే. తెల్లారకముందే వాడూ అమ్మా దిగొచ్చి తలుపేసుకుని మడిచేసేవాళ్ళు. పసిదానితో నాకు తెమిలేది కాదు, ఆయనకి బాయిలరుతోనే సరిపోయేది. మేము లేచొచ్చేసరికి..."

ఆమె ఆగిపోయింది.  దెబ్బ తగిలాక కూడానా అని నేను అడగక్కర్లేకపోయింది, ఆమె మొహమే చెప్పింది. రెండేళ్ళపాటు ప్రతి పొద్దునా నీటుగా పేర్చిన దుప్పట్లు చూసిన ఇల్లు అది. దుప్పటికి నాలుగు కొసలు, ఆ గదిలో మూడు చేతులు. అది ఒక్కరికీ తట్టలేదు. పని అయిపోయి కనపడితే, ఎలా అయిందని పనిచేసే ఇంట్లో ఎవరూ అడగరు.

"మీ అమ్మగారితో మాట్లాడాలి. మీరు కౌంటరు దగ్గరే ఉండండి" అన్నాను.

తల్లి పైనుంచి దిగొచ్చింది. చిన్న మనిషి, చేతులు మాత్రం పెద్దవి, వేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడ్డవి. నన్ను చూసి పలకరింపుగా తల ఊపి, ఆరిన దుప్పట్ల గుట్టలోంచి ఒకటి లాగింది. కొక్కేల దగ్గరికి వెళ్ళాలంటే చెక్కలు దాటాలి. ఒక క్షణం అటు చూసి, రెండు కొసలు తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"పట్టుకో నాయనా. నాలుక్కల్లా పంపాలి."

పట్టుకున్నాను. ఆవిడ వెనక్కి నడిచి దుప్పటి బిగించింది. అల్లుడి గురించి అడిగింది, అన్నం పెట్టారా అంది. నేను చెప్పాను. కొడుకు చెయ్యి గురించి అడిగాను. ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. చివరిదాకా తడిగుడ్డలా ఉండేదయ్యా, ఎంత నూనె రాసినా ఇంకిపోయేది తప్ప ఉలుకూ పలుకూ లేదు అంది. చెబుతూనే ముందుకు నడిచొచ్చి తన కొసలు నా కొసలకి కలిపింది. మా మొహాలు దగ్గరయ్యాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

నేను కుడిచేతిలోని కొస వదిలేశాను. దుప్పటి ఒకవైపు జారి నేలకి వేలాడింది.

"బుజ్జి ఒంటిచేత్తో దీన్నెలా పట్టుకునేవాడమ్మా?"

ఆవిడ కదల్లేదు. దుప్పటి వంకా నా చేతి వంకా చూసింది. కళ్ళలో బెదురు లేదు. ఎప్పుడో రావాల్సిన చుట్టం ఇన్నాళ్ళకి వచ్చినట్టు చూసింది.

"కింద పడనీకు, మట్టవుతుంది" అంది మెల్లగా. నేను కొస అందుకున్నాక చెప్పడం మొదలుపెట్టింది. చెబుతున్నంతసేపూ మడుస్తూనే ఉంది.

కట్టు ఇంకా విప్పకముందే వేళ్ళు ఆడాయట. కట్టు విప్పాక నూనె రాస్తుంటే కండ ఆవిడ చేతికింద ఉలిక్కిపడింది. ఆసుపత్రికి మళ్ళీ తీసుకెళ్ళలేదు. అల్లుడు అప్పటికే వేరేచోట పని ఖాయం చేసుకున్నాడు. భార్యనీ బిడ్డనీ తీసుకుని వెళ్ళిపోవాలన్న రోజుల్లోనే యంత్రం చెయ్యి లాగేసింది. బుజ్జి చెయ్యి పోయిందన్నాక, తప్పు నాదేనని పెట్టె విప్పేశాడు. భర్త లేని ఆడది, ఇద్దరు పిల్లలు, ఇంత లాండ్రీ. అల్లుడు పోతే కూతురు పోతుంది, మనవరాలు పోతుంది. కొడుకుని బతిమాలింది, కొన్నాళ్ళే కదరా అంది. ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ అయిపోలేదు.

"పగలంతా చెయ్యి వేలాడేసుకు తిరిగేవాడు. రాత్రి బావకి వినపడేలా మూలిగేవాడు, అలా మూలగమని నేనే చెప్పాను. తెల్లవారుజామున ఈ గదిలో తలుపేసుకుని నాతో దుప్పట్లు మడిచేవాడు. ఆ కాసేపే వాడికి రెండు చేతులు నాయనా. ఎంత గట్టిగా లాగేవాడో, నేను తూలిపోయేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం."

ఆవిడ మొహం మీద నిజంగానే నవ్వొచ్చింది. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

"వాడు కనపడకుండా పోయిన సాయంత్రం ఏమైంది?"

"బావ మొహం చూడలేకపోతున్నానమ్మా, ఇవాళ చెప్పేస్తాను అన్నాడు. గొట్టాల కోసం గుంట తవ్వి ఉంది. నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. కుడిచెయ్యే. విదిలించుకున్నాడు. వాడికి ఎంత బలముందో నాకు తెలుసు, అయినా వదల్లేదు. కాలు జారి వెనక్కి పడ్డాడు, తల గొట్టానికి తగిలింది."

ఎవర్నీ ఎందుకు పిలవలేదని అడిగాను. పిలిస్తే ఆసుపత్రికి తీసుకెళ్తారు, చెయ్యి చూస్తారు, అంతా తెలిసిపోతుంది అంది. అంత మాట అంత తేలిగ్గా అంది. గుంటలోకి దిగి వాడి పక్కన కూర్చుందట. పొద్దున మేస్త్రీల బండి చప్పుడయ్యాక పాత దుప్పట్లు కప్పి, పైన మట్టి లాగి పైకొచ్చిందట. వాళ్ళు కాంక్రీటు పోసి వెళ్ళారు. వాళ్ళని అల్లుడు పిలిపించిన మాట నిజమే. అతను పిలిపించింది గొట్టాల గుంట పూడ్చడానికే.

వెనక అలికిడైంది. తిరిగి చూశాను. ఆ రోజు వీపు వెనక నిజంగానే మనిషి ఉండడం అదే మొదటిసారి. అక్క గుమ్మంలో తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు.

"అమ్మా" అంది. మళ్ళీ అంది. "అమ్మా, వాడు పడగానే పోయాడా?"

తల్లి మడిచిన దుప్పటిని దొంతర మీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది. జవాబు చెప్పడానికి ముందు దాని అంచులు కూడా సరిచేసింది.

"పలకలేదే. పిలిస్తే పలకలేదు. రాత్రంతా చేతికి మర్దనా చేస్తూనే ఉన్నాను." కూతురి వైపు చూడలేదు. "మేస్త్రీలు వచ్చేదాకా వెచ్చగానే ఉంది."

 రాత్రి పోయిన ప్రాణమైతే పొద్దుటికి ఆ చెయ్యి వెచ్చగా ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషికీ అర్థమైందని, ఆమె నెమ్మదిగా నేల మీదికి జారి కూర్చోవడంలో తెలిసింది. తల్లికి మాత్రం తెలియలేదో, తెలిసే తొమ్మిదేళ్ళు ఆ నేల మీద నిలబడిందో, నేను అడగలేకపోయాను. ఆవిడ గుట్టలోంచి ఇంకో దుప్పటి లాగుతోంది.

ఫోను నా జేబులోనే ఉంది. తీసి ఇన్‌స్పెక్టరుకి చెయ్యాలి, బావని కోర్టుకి ఎక్కించకుండా ఆపాలి. నన్ను పెట్టుకున్నది అందుకే. చెయ్యి లేవలేదు. అక్కే గోడ పట్టుకుని లేచొచ్చి, నా ముందు చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వండి సార్. మా అమ్మ గురించి మీరు చెప్పడం బాగోదు."

నంబరు నొక్కి ఇచ్చాను. అవతల ఇన్‌స్పెక్టరు ఏదో వెటకారంగా అనడం నాకూ వినపడింది. ఆయన ముగించేదాకా ఆమె ఓపిగ్గా ఆగింది. కళ్ళు మాత్రం తల్లి చేతుల మీదే ఉన్నాయి.

"నేను బుజ్జి అక్కనండీ. మా ఆయన్ని పంపించెయ్యండి. మా అమ్మని తీసుకెళ్ళడానికి రండి" అంది. ఫోను నాకిచ్చేసి, వెళ్ళి తల్లికి ఎదురుగా నిలబడి, ఆ దుప్పటి రెండో కొస పట్టుకుంది.